లాగగలిగినంత పడవ

గుల్లలపేట,
సెప్టెంబర్ 18, 2024.

తమ్ముడు ఎల్లాజీకి,

మీ అప్ప యమున రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకి తింటున్నావనే అనుకుంటాను. చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోను చేస్తే అది నీ పెళ్లాం చేతిలో ఉంటుంది, స్పీకరు పెట్టి ఉంటుంది, మధ్యలో పాప వచ్చి లాక్కుంటుంది. నేను అసలు మాట ఎత్తేసరికి నువ్వు "సరే అప్పా, సిగ్నల్ నేదు" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు. మన ఏసుదానం సెలవు అయిపోయి రేపు మళ్ళీ గుజరాత్‌లో మీ వెరావల్ రేవుకి రైలెక్కుతున్నాడు, అతని చేతికిస్తున్నాను.

మొన్న ధనరాజ్ మీ ఇంటికి వచ్చాడు. మన తీరంలో చేప కొని ఐసు పెట్టెల్లో లారీలకెత్తే ధనరాజే. యాపిల్ పండ్లు తెచ్చాడు. ఊరికే పండ్లు తెచ్చే మనిషి కాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నీకు కొత్త పడవకి, ఇంజనుకి, వలలకి మొత్తం డబ్బు తనే పెడతానని నువ్వూ ఆయనా ఫోనులో మాట్లాడుకున్నారట. నువ్వు మెల్లగా తీర్చుకోవాలట. పడవలో పడ్డ చేప మాత్రం ఒక్కటి కూడా బయటికి పోకుండా ఆయన ఐసులోకే రావాలట, ఆయన చెప్పిన ధరకే. బాకీ తీరేదాకానా అని అడిగాను. తీరినాక కూడా మనవాళ్ళం మనవాళ్ళమే కదమ్మా అని నవ్వాడు.

మీ దుర్గాభవాని కాళ్ళు నేల మీద లేవు. "ఆయనొచ్చేస్తాడు వదినా, ఇంక ఎల్లడు. అంతకన్నా ఏటి కావాల?" అంది. నాకూ అంతకన్నా ఏమీ అక్కర్లేదురా. పదేళ్ళుగా నిన్ను వానాకాలంలో పంపించి ఎండాకాలంలో చూస్తున్నాం.

కానీ ఒక్క మాట అడుగుతాను. ధనరాజ్ పడవల్లో చేప ఇసుక మీద వేలానికి రాదు. ఇప్పటికే ఎర్రన్న బాబాయి పడవ, ఇంకో నాలుగైదు తప్ప తీరమంతా ఆయనదే. నీదీ ఆయన వాటిలో కలిస్తే నేను, దానమ్మ, మిగతా ఆడవాళ్ళం బుట్టల్లో ఏం పెట్టుకుని ఆమదాలవలస వెళ్ళి అమ్మాలి? ఆయనకి మాట ఇచ్చే ముందు నాకు జవాబు రాయి.

బావ నిన్ను అడిగానని రాయమన్నాడు. అంతకు మించి ఆయన మాట్లాడడని నీకు తెలుసు.

నీ అప్ప,
యమున

*

వెరావల్,
అక్టోబర్ 9, 2024.

అప్పకి,

నీ ఉత్తరం ఏసుదానం వాళ్ళావిడ పెట్టిన ఎండు నెత్తళ్ళ మధ్య నలిగి, వాటి వాసనతో సహా చేరింది. పడవ మీద కూర్చుని చదువుతుంటే పక్క కళాసీలు ఎవరు రాశారని అడిగారు. మా అప్ప, పదో తరగతి పాసు, అని చెప్పాను. ఆ గుండ్రటి రాత చూసి టీచరమ్మ అనుకున్నారు. నేను కాదనలేదు.

పోయిన యాత్రలో పద్దెనిమిది రోజులు నీళ్ళ మీదే ఉన్నాం. వంట నా వంతు వచ్చింది. అందరూ బతికే ఉన్నారు.

ఇక పడవ సంగతి. అప్పా, నేను లెక్క వేసుకోని యాత్ర లేదు. పదేళ్ళ నుంచి పక్కవాడి పడవ మీద జీతానికి పని చేస్తున్నాను. నేను దాచింది కాస్త పెరిగేలోపు ఇంజను ధర ఇంకాస్త పెరుగుతుంది. బ్యాంకుకి వెళ్తే పొలం కాగితాలు తెమ్మంటారు. మనకున్నది ఇసుక, దాని మీద ఎవరూ అప్పివ్వరు. నాలాంటి జీతగాడు కొత్త పడవ కొనాలంటే ముందు ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. ధనరాజ్ పెడతానన్నాడు. ఊళ్ళో ఇంకెవరూ అనలేదు.

ఎలాంటి పడవ అనుకున్నావు? ముప్పై నాలుగు అడుగులు, పైన చిన్న గది, వాన పడితే లోపల కూర్చోవచ్చు. ఇక్కడి పడవల్లాగే ఉంటుంది. మన తీరంలో ఇంతవరకు ఎవరికీ లేదు. అన్నీ కలిపి పదకొండు లక్షలవుతుందట. పడవలు చేసే షెడ్డులో ధనరాజ్ మాట్లాడి ఉంచాడు, సంక్రాంతి దాటాక బయానా ఇవ్వాలి.

బుట్ట గురించి రాశావు. నీకు చెప్పాలని దాచుకున్న కబురు అదే. ఆ బుట్ట ఇంక దించెయ్. తెల్లారకుండా లేచి, ఆటోలో ఒంటికాలి మీద వేలాడుతూ వెళ్ళి, ఎండలో వీధి వీధీ తిరిగి, నీ మెడ ఎలా అయిందో నేను చూడలేదా? పడవ వచ్చాక నెల నెలా నేనే ఇస్తాను. నువ్వు నీడపట్టున కూర్చో.

ధనరాజ్‌కి సరేనన్నాను. పాపకి ఇక్కడి నుంచి గాజులు పంపుతున్నాను, పెద్దవైతే నువ్వు వేసుకో.

తమ్ముడు,
ఎల్లాజీ

*

గుల్లలపేట,
నవంబర్ 3, 2024.

ఎల్లాజీకి,

నీ ఉత్తరం దానమ్మకి చదివి వినిపించాను, ఆ నెల నెలా ఇస్తానన్న పేరా తప్ప. అది నేనొక్కదాన్నే చదువుకున్నాను. చదివిన చాలా రోజులకి గానీ నీకు జవాబు రాయాలనిపించలేదు.

నా మెడ నొప్పి నిజమే. కానీ ఆ బుట్ట కింద నేనున్నానని నువ్వు అనుకుంటున్నావు, దాని వెనక నేను నిలబడి ఉన్నాన్రా. ఆమదాలవలసలో రైల్వే క్వార్టర్ల వీధి, దాని వెనక రెండు వీధులు నా వాడుక ఇళ్ళు. నా గొంతు వినబడితే తలుపులు తెరుస్తారు. ఏ ఇంట్లో ముల్లు లేని చేప అడుగుతారో, ఏ ఇంట్లో శుక్రవారం తినరో నాకు తెలుసు. ధర నేను చెబుతాను. బేరం ఆడతారు, మళ్ళీ నేనే చెబుతాను. మీ బావ సముద్రం మీదికి పోలేని నెలల్లో ఇంట్లో పొయ్యి వెలిగింది దానితోనే. ఇప్పుడు ప్రతి నెలా మొదటి తారీఖున తమ్ముడి గుమ్మం ముందు నిలబడమంటావా? నువ్వు మంచి మనసుతోనే రాశావు. నాకు మాత్రం చాలా బాధ కలిగింది.

రెండో సంగతి. మొన్న తుఫాను ఒడిశా వైపు తిరిగిపోయింది గానీ సముద్రం మాత్రం మన మీదికి వచ్చింది. మధ్యాహ్నానికల్లా కెరటం పడవలు పెట్టే చోటుని కొడుతోంది. మన ఊరికి జెట్టీ లేదు, గుర్తుందా? అక్కడ నువ్వు గట్టు మీంచి చెప్పులతో సహా పడవలోకి అడుగు పెడతావు. ఇక్కడ పడవని మనుషులే నీళ్ళలోకి తోయాలి, మనుషులే ఇసుక మీదికి లాగాలి. తాడు పట్టిన ప్రతివాడికీ గుప్పెడు చేప ఇవ్వడం మన ఊరి పద్ధతి. ఆడవాళ్ళు ఆ తాడు ముట్టకూడదనేది కూడా మన ఊరి పద్ధతే.

ఆ రోజు లాగడానికి మగాళ్ళు చాలలేదు. వయసులో ఉన్నవాళ్ళంతా మీ దగ్గరో, పారాదీప్‌లోనో, చెన్నైలోనో ఉన్నారు. ఎర్రన్న బాబాయి పడవ ఇరవై ఆరు అడుగులదే. అది సగం దూరంలో ఆగిపోయింది. వెనక నుంచి కెరటం వస్తోంది. మేమంతా బుట్టలు పట్టుకుని పొడి ఇసుక మీద నిలబడి ఉన్నాం. ఆయన మా వైపు తిరిగాడు.

"ఏటి సూస్తన్నారు? బుట్టలు దించి రండి" అన్నాడు.

ముందు దానమ్మ వెళ్ళింది. తర్వాత నేను. మీ దుర్గాభవాని పాపని ఇసుకలో కూర్చోబెట్టి వచ్చింది. అరచేతులు ఒలిచిపోయాయి గానీ పడవ దిబ్బ మీదికి వచ్చింది. మర్నాడు ఎర్రన్న బాబాయి మా అందరి బుట్టల్లో తలా గుప్పెడు చేప వేసి వెళ్ళిపోయాడు.

నీ ముప్పై నాలుగు అడుగులది, పైన గదితో సహా, ఎవరు లాగుతారు? ట్రాక్టరు మన దిబ్బ దిగదు. ధనరాజ్ వచ్చి తాడు పట్టడు.

యమున

*

వెరావల్,
డిసెంబర్ 1, 2024.

అప్పకి,

నీ ఉత్తరం నాకు చేరేలోపే దుర్గాభవాని ఫోనులో సగం చెప్పింది. మా తమ్ముడు ఓడ కొంటున్నాడు, దాన్ని లాగడానికి ఏనుగులు తెప్పించాలి అని నువ్వు తీరమంతా చెప్పి నవ్వించావట. వేలం దగ్గర ఎవరో మా ఆవిడ్ని ఏనుగులు ఎప్పుడొస్తాయని అడిగారట. తను ఏడుస్తూ చెప్పింది. నువ్వు నాకు రాసిన దాంట్లో ఆ ఏనుగులు లేవు మరి.

పైగా నా పెళ్లాం తాడు లాగిందని నువ్వు గొప్పగా రాస్తున్నావు. నాకు గొప్పగా అనిపించలేదు. నేను అక్కడ ఉంటే తను లాగాల్సిన పని ఉండేదా? లాగలేకపోతే కూలికి మనుషుల్ని పెట్టుకుంటాను. పడవ కొనగలిగినవాడికి నలుగురిని పెట్టుకోవడం కష్టం కాదు.

నెల నెలా ఇస్తానన్నది నిన్ను గుమ్మంలో నిలబెట్టాలని కాదు. నాకు ఇంకో విధంగా చెప్పడం చేతకాలేదు.

పోయిన యాత్రలో మా పడవ మీద ఒకతని చెయ్యి తాడుతో పాటు వల లాగే వించిలోకి పోయింది. గట్టుకి రావడానికి రాత్రంతా పట్టింది. అతని తల నా ఒళ్ళో ఉంది. అతనికి ఇద్దరు పిల్లలు. ఆ రాత్రంతా నేను నా చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను.

పాప నన్ను ఫోన్ నాన్న అంటోందని తెలుసా? పక్కింటి పిల్లకి నాన్న ఉన్నాడు, తనకి ఫోన్ నాన్న ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను.

అప్పా, నేను ఇంటికి రావడం గురించి రాస్తుంటే నువ్వు చేపల గురించి రాస్తున్నావు. నాకు పడవ రావడం నీకు ఇష్టం లేదేమోనని మొదటిసారి అనిపించింది. తప్పయితే తిట్టు.

ఎల్లాజీ

*

గుల్లలపేట,
జనవరి 6, 2025.

తమ్ముడు ఎల్లాజీకి,

తిట్టను. ఏనుగుల మాట నేనన్నదే. నవ్వులాటకి దానమ్మతో అన్నాను, అది తీరమంతా తిరిగింది. దుర్గాభవాని దగ్గరికి వెళ్ళి చెప్పాను. తను మొహం తిప్పుకుని అన్నం పెట్టింది, అంటే సగం క్షమించినట్టే.

నీ ఉత్తరంలో వించి దగ్గర చదవడం ఆపేసి బయటికి వెళ్ళి కూర్చున్నాను. మీ బావ ఏమైందని అడిగితే కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదవడానికి చాలాసేపు తీసుకుంటాడు. చదివి, "ఆడ్ని రమ్మను" అన్నాడు. అంతే అన్నాడు.

నీకు పడవ రావడం నాకు ఇష్టం లేదని నీకు అనిపించిందంటే, నేను నా బుట్ట గురించి మరీ ఎక్కువ రాశానన్నమాట. అందుకని ఒక పని చేశాను. కోప్పడకుండా విను.

భోగాపురం విమానాశ్రయం పనుల దగ్గర కూలీలకి వండిపెట్టే క్యాంటీను ఉంది. ఏసుదానం వాళ్ళావిడ దేవమణి అక్కడే పని చేస్తోంది. తనతో వెళ్ళి మేస్త్రీని కలిశాను. గిన్నెలు కడిగే పని ఉందట. ఫిబ్రవరి నుంచి రమ్మన్నారు. నెల జీతం, పొద్దున వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. నువ్వన్న నీడ కూడా ఉంది, రేకుల షెడ్డే అయినా.

నా వాడుక ఇళ్ళు దానమ్మకి అప్పగించాను. నిన్న తనని వెంటబెట్టుకుని మూడు వీధులూ తిప్పాను. ఇక నుంచి ఈవిడ తెస్తుందమ్మా అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. రైల్వే గార్డు గారి భార్య నువ్వెక్కడికి పోతున్నావని అడిగింది. ఉద్యోగం వచ్చిందన్నాను. ఆవిడ సంతోషపడింది. నేను సంతోషపడ్డానని మాత్రం నీకు అబద్ధం రాయలేను.

ఇప్పుడు నీకు అడ్డం ఎవరూ లేరు. ధనరాజ్ డబ్బు తీసుకో. ముప్పై నాలుగు అడుగులదే తెచ్చుకో. మేమంతా కలిసి ఎలాగో లాగుతాం. నువ్వు మాత్రం వచ్చెయ్.

ఈసారి ఎవరూ వెరావల్ వచ్చేవాళ్ళు లేరు, పోస్టులో వేస్తున్నాను.

నీ అప్ప,
యమున

*

వెరావల్,
జనవరి 9, 2025.

అప్పకి,

నీ నుంచి జవాబు రాలేదు. కోపం వచ్చి ఉంటుంది, రావాలి కూడా. జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఒక పని చేసేశాను.

పోయిన వారం మా పడవని మరమ్మతుకని క్రేనుతో గట్టు మీదికి ఎత్తారు. పక్కనే ఇంకొకటి, సరిగ్గా నేను అనుకున్న ముప్పై నాలుగు అడుగులది, చక్రాల బండి మీద నిలబెట్టి ఉంది. నీళ్ళలో ఉన్నప్పుడు పడవలో సగమే కనిపిస్తుందని పదేళ్ళలో నాకు తట్టలేదు. దాని అడుగు నా నెత్తి కంటే ఎత్తులో ఉంది. మనవాళ్ళం ఆరుగురం సరదాకి భుజాలు ఆనించి తోశాం. చక్రాల మీద ఉండి కూడా అది కదల్లేదు. నేను ఒక్కడినే పిచ్చివాడిలా నవ్వాను. మిగతావాళ్ళకి అర్థం కాలేదు. నేను మన ఊరికి పడవ కొంటూ మన ఊరి ఇసుక మర్చిపోయానప్పా. నువ్వు అన్న ఏనుగులు నిజంగా కావాలి.

రెండోది ఇంకా చెప్పాలి. ఇక్కడ రొయ్యలు ఒలిచే షెడ్డులో మన కళింగపట్నం వైపు మనిషి ఒకావిడ ఉంది. మన మాట వినబడితే ఆగి మాట్లాడతాను. తను ఒకప్పుడు నీలాగే బుట్ట తీసుకుని ఊళ్ళు తిరిగేదట. వాళ్ళాయన షావుకారు డబ్బుతో పడవ తెచ్చాడు. చేప షావుకారుకి పోయింది, చేప లేక బుట్ట పోయింది, మూడేళ్ళకి పడవ కూడా షావుకారుకే పోయింది. ఇద్దరూ ఇక్కడికి వచ్చి పడ్డారు. ఇక్కడ బాగానే ఉందా అని అడిగాను. "బుట్ట ఉన్నప్పుడు ధర నేను సెప్పేదాన్ని బాబూ. ఇప్పుడు నాకు సెప్తన్నారు" అంది. నీ ఉత్తరంలో ఆ మాట అంతకు ముందే ఉంది. నువ్వు రాస్తే నాకు కోపం వచ్చింది, పరాయి మనిషి చెబితే అర్థమైంది. అందుకు సిగ్గుపడుతున్నాను.

ధనరాజ్‌కి ఫోను చేసి వద్దన్నాను. ఆయన మర్యాదగానే పెట్టేశాడు, మళ్ళీ నా దగ్గరికే వస్తావులే అన్నట్టు.

మనం లాగగలిగినంత పడవే మనం కొనగలిగిన పడవ. ఎర్రన్న బాబాయి దాని పాటిది, ఇరవై ఆరు అడుగులు. అది, వలలు కలిపి కొనడానికి నేను దాచినది కొంచెం చాలలేదు. ఆ కొంచెం మా పడవ యజమానిని అడిగి తీసుకున్నాను, వచ్చే సీజను జీతంలో పట్టుకుంటాడు. అంటే ఆగస్టులో మళ్ళీ ఇక్కడికే రావాలి, పడవ అక్కడ బావ నడపాలి. ఇంకో ఏడాది. ఇంజను ఎలాగో ఇంకా తెలియదు.

నువ్వు బుట్ట దించకు. దుర్గాభవానికి ఇంకా చెప్పలేదు. ఫోనులో చెప్పే ధైర్యం లేదు. నువ్వు చెప్పు.

తమ్ముడు,
ఎల్లాజీ

*

గుల్లలపేట,
ఫిబ్రవరి 2, 2025.

ఒరే ఎల్లాజీ,

నీ ఉత్తరం నాకు వచ్చిన రోజుకి నాది నీకు చేరి ఉంటుంది. నువ్వు అక్కడ నెత్తి కొట్టుకుని ఉంటావు, నేను ఇక్కడ కొట్టుకున్నాను. నువ్వు రావాలని నేను బుట్ట దించాను. నా బుట్ట ఉండాలని నువ్వు రావడం మానుకున్నావు. మనిద్దరినీ కన్నవాళ్ళు ఉండి ఉంటే చెరో రెండు తగిలించేవాళ్ళు. నవ్వాను, తర్వాత ఏడ్చాను, మీ బావ అన్నం తినకుండా కూర్చున్నాడు.

క్యాంటీను పనికి రేపటి నుంచి వెళ్ళాలి. వెళ్ళను. దేవమణికి చెప్పాను, తను నా బదులు తన చెల్లెల్ని పెట్టిస్తుంది. దానమ్మ దగ్గరికి వెళ్ళి తల దించుకుని నిలబడ్డాను. "ఏటి, ఈదులు కావాలా?" అంది నేను నోరు తెరవకముందే. గార్డు గారి భార్య తనకి ముల్లు తియ్యడం రాదని రోజూ తిడుతోందట. రైల్వే వీధి నాకు తిరిగిచ్చింది, వెనక రెండు వీధులు తనే ఉంచుకుంది. న్యాయమే, నేను ఇచ్చినవే కదా.

ఇక దుర్గాభవాని. ఆ పని నా మీద పెట్టావు చూడు, నీ అంత పిరికివాడు మన ఇంటా వంటా లేడు. వాళ్ళింటికి వెళ్ళి నీ కాగితం మొత్తం చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా. తను పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, నీ ఫోను ఎందుకు ఎత్తడం లేదో నీకు ఇప్పటికి తెలిసి ఉంటుంది. నిన్న వేలం దగ్గర నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఒక్క ఏడాది వదినా. మరి నేదు. అప్పటికీ రాకపోతే పిల్లనెత్తుకుని రైలెక్కి నేనే ఎల్తాను, సెవి పట్టుకుని తెస్తాను" అంది. తను ఊరికే అనదు, మాటంటే మాటే. నువ్వు జాగ్రత్తగా లెక్క పెట్టుకో.

ఇంజను గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. నేనూ దానమ్మా మా డ్వాక్రా గ్రూపులో అప్పుకి అడిగాం. ఇంజను మేమిద్దరం కొంటాం. మన పద్ధతి ప్రకారం చేప పంచేటప్పుడు మనిషికో పాలు, పడవకి పాలు, ఇంజనుకి పాలు తీస్తారు కదా. ఆ ఇంజను పాలు మాది. సాయం కాదు, అప్పు కాదు, పాలు. ఇది రాస్తుంటే మీ బావ పక్కన కూర్చుని నవ్వుతున్నాడు. ఆడవాళ్ళ ఇంజనుతో సముద్రం మీదికి పోయే మొదటి మొగుడు తనేనట.

చేపంతా ఇసుక మీద వేలానికి రావాలి. ఆ ఒక్క షరతు నాది.

నీ అప్ప,
యమున

*

గుల్లలపేట,
సెప్టెంబర్ 14, 2025.

తమ్ముడు ఎల్లాజీకి,

వేసవిలో నువ్వు ఉన్న రెండు నెలలూ పడవ చేసే షెడ్డువాడు రేపు మాపు అంటూ తిప్పాడు. నువ్వు రోజూ రోడ్డు వైపు చూడడం, పాప నీ వెనక తిరగడం నేను చూశాను. నువ్వు ఆగస్టులో రైలెక్కావు. నువ్వెళ్ళిన వారానికి పడవ లారీ మీద వచ్చింది. నేను ఆ షెడ్డువాడిని తిట్టిన తిట్లు కాగితం మీద రాయకూడదు.

దిబ్బ మీంచి నీళ్ళ దాకా అందరం కలిసే దించాం. ఇప్పుడు మమ్మల్ని ఎవరూ తాడు ముట్టొద్దనడం లేదు. అనడానికి మనుషులు ఉండాలి కదా. దుర్గాభవాని పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. గంగమ్మకి దండం పెట్టుకుని మీ బావ ముందు ఎక్కాడు, వెనక ఎర్రన్న బాబాయి కొడుకులు ఇద్దరు. ఎర్రన్న బాబాయి ఒడ్డున నిలబడి ఇంజను చప్పుడు విని, బాగున్నాదన్నాడు. దానమ్మ అది తనే తయారు చేసినట్టు తల ఊపింది.

మొదటి రోజు గొప్పగా ఏమీ పడలేదు. కవళ్ళు, కొన్ని కానాగంతలు. ఇసుక మీద పోసి వేలం పెట్టాం. ధనరాజ్ మనిషి కూడా వచ్చి పాడాడు, అందరితో పాటు, అందరి ధరకే. సొంత పడవ అయినా నేను పాడుకునే కొన్నాను. అలా కాకపోతే దానమ్మ ఊరుకోదు. దుర్గాభవాని కూడా చిన్న బుట్టతో నాతో ఆటో ఎక్కింది. పాపని దేవమణి దగ్గర ఉంచాం.

రైల్వే క్వార్టర్లలో గార్డు గారి భార్య బుట్ట మీద గుడ్డ తీసి చూసి, రోజూ అడిగే మాటే అడిగింది, ఈ చేప ఎవరి పడవదని. ఇన్నేళ్ళూ ఆ మాటకి ఎర్రన్న బాబాయి పేరు చెబుతూ వచ్చాను.

"మా తమ్ముడి పడవదమ్మా" అన్నాను.

"అయితే తమ్ముడు వచ్చేశాడన్నమాట" అంది ఆవిడ సంతోషంగా.

నేనూ దుర్గాభవానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ గుమ్మంలోనే కూర్చుని ఇద్దరం ఏడ్చాం. పాపం ఆవిడ, ఏదో చెడ్డ మాట అనేశానని భయపడిపోయి మంచినీళ్ళు తెచ్చింది. చేప మాత్రం బేరం ఆడకుండా కొంది.

మనలాంటివాళ్ళం కొత్త పడవ కొనగలమా అని నువ్వు పోయిన ఏడు లెక్కలు రాశావు. కొన్నాం. అప్పు ఎవరికెంతో నేను చెప్పగలను, అది బుట్టతో తీరుతుంది. నీ కూతురి నాలుగో ఏడు మాత్రం దానికి పోసేశాం. అది ఎవరూ తిరిగివ్వరు.

పడవ ఫొటో పంపమని ఫోను చేసినప్పుడల్లా అడుగుతున్నావట. నేను పంపను. దుర్గాభవానిని కూడా పంపొద్దన్నాను. మీ బావకి ఎలాగూ చేతకాదు. తీరంలో అందరికీ చెప్పి ఉంచాను, ఎవరైనా పంపితే వాళ్ళింటికి చేప ఉండదని. దాని రంగేమిటో, పక్కన ఏం పేరు రాయించామో నీకు ఎవరూ చెప్పరు.

చూడాలని ఉంటే రా.

నీ అప్ప,
యమున